లంగా బొందు కట్టిన కెమెరా

మా నాన్నకి ఎదురుగా ఫోన్ ఎత్తితే చాలు, మనిషి కొయ్యబారిపోతాడు. గడ్డం పైకి, చేతులు పక్కలకి, గుడ్లప్పగించి. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో తీసిన ఆయన ఫొటోలన్నీ గుర్తింపు కార్డుకి తీయించుకున్నట్టే ఉంటాయి. అందుకే నేను గుప్పెట్లో ఇమిడిపోయే చిన్న కెమెరా కొనుక్కున్నాను. కంటికి ఎత్తకుండా నడుం దగ్గర పట్టుకుని, ఎదుటి మనిషికి తెలియకుండా తీసేయొచ్చు. ఆదివారం పొద్దున్నే మా ఊళ్ళో పూరీ గేట్ బజారు వైపు పోయి, చేపల బేరం చేసేవాళ్ళనీ టీ కొట్టు బల్ల మీద కునికేవాళ్ళనీ తీస్తూ సాధన చేశాను. అసలు గురి మాత్రం నాన్న మీదే.

ఆయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ఇనుము చెక్కే లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. ఆ ఏడాది సెప్టెంబరు నెలాఖరుకి రిటైర్మెంట్. ఇంటివాళ్ళని లోపలికి రానిచ్చేది ఏడాదికి ఒక్క విశ్వకర్మ పూజ నాడే, అదీ ఆ నెలలోనే. తన మిషన్ పక్కన ఆయన ఆయనలాగే ఉన్న ఒక్క ఫొటో కావాలంటే నాకు మిగిలింది ఆ ఒక్క రోజు.

ఇంతా చేస్తే ఆ కెమెరా తడి సబ్బులా జారేది. మా ఊరి ఉక్కపోతలో చేతులు ఎప్పుడూ చెమటే. ఆన్‌లైన్‌లో తోలు పట్టీ తెప్పించాను, మణికట్టు ఒరుసుకుపోయి కందిపోయింది. బొటనవేలు ఆనించుకోడానికని ఒక ఇనప ముక్క తెప్పించాను, అది నా చున్నీ దారాలన్నీ లాగేసింది. లెన్సు మీద ఎండ పడకుండా పెట్టే గొట్టం పెడితే కెమెరా సంచీలోంచి ఓ పట్టాన బయటికి రాదు. ఒక్కో పార్సెల్ వచ్చినప్పుడల్లా నాన్న విప్పి చూసి నవ్వేవాడు.

"ఏటే ఇది? బొమ్మకి నగలు సేయిస్తన్నావా?"

"నీ స్పానర్ సేతిలోంచి జారిపోతే ఊరుకుంటావా? ఇదీ అంతే. ఇది బొమ్మ కాదు, నా పనిముట్టు!" అని కసిరాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అదీ ఆయన పోలికే.

మర్నాడు ఆయన డ్యూటీ నుంచి వచ్చి కెమెరా నా చేతిలో పెట్టి, "ఎలాగ పట్టుకుంటావో సూపించు" అన్నాడు. నా వేళ్ళు ఎక్కడెక్కడ పడుతున్నాయో అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. పాత సైకిల్ ట్యూబు కత్తిరించి, పంచరు సొల్యూషన్ రాసి వేళ్ళు పడే చోట అతికించాడు. వెనకవైపు బొటనవేలి కింద ఇంకో ముక్క మడతపెట్టి చిన్న దిమ్మలా కట్టాడు. అమ్మేమో ఆ తోలు పట్టీ ఊడబెరికి, "ఇది మెత్తగా ఉంటాది, సెమట పీల్సుకుంటాది" అంటూ తన కొత్త లంగా బొందుని అల్లి కట్టింది.

నేను గోల గోల చేశాను. ప్రేమ్ బజార్‌లో నా దగ్గర ట్యూషన్‌కి వచ్చే పిల్లలు చూస్తే నా పరువేం కాను? తీరా తగిలించుకుంటే మణికట్టుకి ఏదో ఉన్నట్టే లేదు. బొటనవేలు దానంతటదే పోయి రబ్బరు మీద కూర్చుంది. కాలేజీ క్యాంపస్ గేటు దగ్గర సైకిళ్ళ గుంపులో నిలబడి ఫొటోలు తీసుకుంటే ఒక్కరూ నా వైపు తిరిగి చూడలేదు. వాళ్ళిద్దరి మీదా ప్రేమ పొంగుకొచ్చింది. పైకి మాత్రం "పరవాలేదులే" అన్నాను.

పూజ నాడు తలస్నానం చేసి వచ్చేసరికి తాల్‌బగీచాలో మా ఇంటి వరండాలో ఎర్ర గుడ్డ పరిచి ఉంది. దాని మీద నాన్న స్పానర్లు, సుత్తి, రంపం, అమ్మ కుట్టు మిషన్. గోడకి ఆనించి సైకిల్. అన్నిటికీ బంతిపూలు, గంధం, కుంకుమ. నట్టనడుమ నా కెమెరా, బొందు చక్కగా చుట్టి, రబ్బరు మీద బొట్టు పెట్టి.

"నాన్నా, అది నాకు ఇవాళే కావాలి!"

"ఇయ్యాల ఎలాగిస్తానే? పనిముట్లకి సెలవు కదా. రేపు పొద్దున్న తీసుకో."

"దాన్ని బొమ్మన్నావు!"

"అది అప్పుడు. పనిముట్టని నువ్వే కదా సెప్పినావు? నా సేత్తో నానే పిడి ఏసినాను, నాకు తెల్దా?"

చేజేతులా చేసుకున్నదానికి ఎవర్ననాలి? మా వర్క్‌షాప్ ఇళ్ళలో ఆ రోజు గోడకి మేకు కూడా కొట్టరు. పైగా నేను చేసేదాన్ని పని అని ఆయన ఒప్పుకోడం అదే మొదటిసారి. కాదు బొమ్మే అని ఏ నోటితో అనను? ఏడుపొచ్చింది, అందులో సగం సంతోషమే.

సైకిల్ కూడా పూజలోనే ఉంది గనక టోటో, అదే బ్యాటరీ ఆటో, ఎక్కాం. దాని హ్యాండిల్‌కీ బంతిపూల దండ ఉంది.

"మరి ఈ బండి దాదా తన పనిముట్టు తోలుతున్నాడు కదా?" అన్నాను ఉండబట్టలేక.

"ఆడి నియమం ఆడిది" అని నాన్న రోడ్డు వైపు తిరిగిపోయాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

వర్క్‌షాప్‌లో మిషన్లన్నీ ఆపేసి, తుడిచి, దండలు వేశారు. నాన్న తన లేత్ పక్కన నిలబడ్డాడు. ఫోన్ ఎత్తాను. అనుకున్నంతా అయింది, గడ్డం పైకి, గుడ్లప్పగించి. తీసి సంచీలో పడేశాను. అమ్మ ప్రసాదం కోసం లైన్లోకి వెళ్ళింది.

అప్పుడు ఆయన నన్ను మర్చిపోయాడు. భుజం మీది తువ్వాలు తీసి, అప్పటికే మెరుస్తున్న చక్రాన్ని మళ్ళీ తుడిచాడు. తుడిచి, అరచెయ్యి దాని మీద ఆనించి ఊరికే అలా నిలబడిపోయాడు. నేను ఏడాదంతా సాధన చేసింది సరిగ్గా ఆ ఫొటో కోసమే. నా కుడిచెయ్యి నడుం దగ్గరికి పోయి గుప్పెట ముడుచుకుంది, బొటనవేలు రబ్బరు కోసం వెతుక్కుంది.

నాన్న చూడనే చూశాడు.

"సెయ్యి ఊరికే ఉండలేకపోతంది కదా?"

అవునని తలూపాను. ఆయన చక్రం మీంచి చెయ్యి తీసి, దాని వంక ఒకసారి చూసుకున్నాడు.

"నాకూ వచ్చే నెల నుంచి ఇంతేనే."

ఈలోగా అమ్మ వచ్చి, మా ఇద్దరి చేతులూ పట్టమని దోసిళ్ళ నిండా బూందీ పోసింది.