మూడు బొండాల పరగడుపు

కొబ్బరి చెట్టెక్కేవాళ్ళు నడుముకు కత్తి కట్టుకుంటారు. లోవరాజు కత్తితోపాటు ఆరోగ్యశ్రీ కార్డు కూడా కట్టుకునేవాడు. భార్య వీరాయమ్మ పాత రెయిన్‌కోటు ముక్కతో కుట్టిచ్చిన చిన్న సంచిలో కార్డు పెట్టి, మొలతాడుకు బిగించుకున్నాకే చెట్టు మీద చెయ్యి వేసేవాడు. "పడితే ఎవరో ఒకరు ఆసుపత్రికి తీసుకెళ్తారు కదా. కార్డు కోసం ఇంటికి పరిగెత్తే పని తప్పుద్ది," అనేవాడు. ఇరవై ఆరేళ్ళుగా అంబాజీపేట చుట్టుపక్కల తోటల్లో కాయలు దింపుతున్న మనిషి, పడడానికి ఇంత ఏర్పాటు చేసుకున్నాడు గాని పడకుండా ఉండడం గురించి ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆ తెలివికి మెచ్చుకోవాలో, నెత్తిన మొట్టికాయ వెయ్యాలో తెలియదు.

శ్రావణంలో ఒకరోజు చెట్టు పైన గెల నరకబోతుంటే కళ్ళు తిరిగాయి. మట్టను కావలించుకుని, లోకం కుదుటపడేదాకా అలాగే ఉండిపోయాడు. ఆ నెలలో అలా మూడుసార్లయింది. ఎవరికీ చెప్పలేదు. కళ్ళు తిరుగుతున్నాయని తెలిస్తే ఏ రైతూ తన చెట్టు ఎక్కనివ్వడు. నేల మీద చేసే పని లోవరాజుకు ఒక్కటీ రాదు, వచ్చినా మనసొప్పదు. చెట్టు దిగిపోతే తను ఇంకెవరన్న భయం ఆయన్ను లోపల్లోపల తినేస్తోంది.

మగవాళ్ళు దాచే విషయాలు ఊళ్ళో అందరికన్నా ముందు పెళ్ళాలకు తెలుస్తాయి. మెట్లెక్కినా ఆయన ఆయాసపడుతున్నాడని వీరాయమ్మ కనిపెట్టింది.

"క్లినిక్కి పదండి," అంది.

"నాకు కార్డుందే."

"అది నడుం విరిగేక పనికొచ్చేది. విరక్కముందు చూపించుకునేది అక్కడ."

ఊళ్ళో విలేజ్ క్లినిక్ రెండు గదులది. అక్కడి నర్సు సుస్మితది రాజోలు. వయసు చిన్నదైనా మాట గట్టిది. "రేపు పొద్దున్నే ఏమీ తినకుండా రండి, పరీక్ష చేద్దాం," అంది.

మర్నాడు ఏడింటికే లోవరాజు బల్ల మీద హాజరు. సుస్మిత వేలు మీద సూది గుచ్చి మిషన్ చూసింది. నూట అరవై ఎనిమిది.

"పరగడుపునే వచ్చేరాండీ?"

"ఆయ్. మెతుకు ముట్టలేదండి."

"అయితే షుగరున్నట్టుందండి."

షుగరంటే కాలికి పుండు, పుండంటే చెట్టుకు సెలవు. అంతవరకూ లెక్క లోవరాజు క్షణంలో వేసేసుకున్నాడు. సుస్మిత కాగితం రాయబోతూ ఆగింది.

"మంచినీళ్ళేమైనా తాగేరా?"

"చుక్క ముట్టలేదండి. దాహమేస్తే మూడు బొండాలు తాగేనండి, అంతే."

"మూడు బొండాలా?"

"బొండం తిండి కాదు కదండీ."

సుస్మిత పెన్ను కింద పెట్టి, నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది. కోనసీమలో బొండం తిండీ కాదు, పానీయమూ కాదు. ఉపవాసం రోజున కూడా అడ్డు లేనిది. తనూ ఈ నేల మీదే పుట్టి పెరిగి ఆ ముక్క ముందే చెప్పనందుకు తనను తాను తిట్టుకుంది.

ఆ మర్నాడు వీరాయమ్మ వాకిట్లోనే కాపలా కూర్చుని, మొగుణ్ణి స్వయంగా వెంటపెట్టుకొచ్చింది. తొంభై నాలుగు. లోవరాజు ఒక్క గెంతుతో గుమ్మం దగ్గరికి వెళ్ళిపోయాడు.

"కూర్చోండి. కళ్ళు తిరగడం సంగతి తేలలేదుగా," అంది సుస్మిత. కింది రెప్ప లాగి చూసింది. తెల్లగా పాలిపోయి ఉంది. ఇంకో వేలికి సూది పడింది. పదమూడు ఉండాల్సిన రక్తం ఎనిమిదే ఉంది.

"తోటల్లో చెప్పులేసుకుంటారా?"

"చెట్టెక్కేవాడికి చెప్పులేంటండీ?"

అక్కడ దొరికింది దొంగ. తడి నేలలో ఉండే కొంకి పురుగు ఒట్టి కాళ్ళలోంచి ఒంట్లోకి దూరి, పేగుల్లో కూర్చుని రక్తం తాగుతుందట. సుస్మిత పెద్దాసుపత్రి డాక్టరుగారితో ఫోన్లో మాట్లాడి, పురుగులకు ఒక మాత్ర, రక్తం పట్టడానికి రెండు నెలల మాత్రలు ఇచ్చింది. అందాకా చెట్టెక్కొద్దంది. లోవరాజు మొలతాడు నుంచి కార్డు విప్పి ఇవ్వబోయాడు.

"ఇక్కడ దీంతో పని లేదండి. దీని అవసరం రాకుండా చూడ్డమే మా పని."

రెండు నెలలు ఆయన నేల మీద కాయలు పోగుచేశాడు. చెప్పులేసుకుని తోటలో నడుస్తుంటే తోటివాళ్ళు "పెళ్ళికొడుకొచ్చేడ్రోయ్" అని ఏడిపించారు. మూతి ముడుచుకున్నాడు గాని మాత్ర మాత్రం ఒక్కపూట మానలేదు. మెట్లెక్కితే ఆయాసం రాని రోజు వచ్చినప్పుడు, ఆ మెట్లు ఊరికే నాలుగుసార్లు ఎక్కి దిగాడు.

చివరి పరీక్షలో పన్నెండున్నర వచ్చింది. మొదటి పూట ఒకటి రెండు చెట్లతో సరిపెట్టాలన్న షరతు మీద డాక్టరుగారు ఫోన్లో ఒప్పుకున్నారు. ఆ మాట పూర్తయ్యేలోపే లోవరాజు ఇంటికి పరిగెత్తి, కత్తీ తాడూ పట్టుకొచ్చి, క్లినిక్ వెనక చెట్టు ముందు నిలబడ్డాడు. నెలల తరబడి దింపక కాయలు విరగబడి ఉన్నాయి. చెప్పులు చెట్టు మొదట్లో విడిచి, కాళ్ళకు తాడు తగిలించి ఎక్కడం మొదలుపెట్టాడు. కింద సుస్మిత మెడ ఎత్తి చూస్తూ నిలబడింది.

పైకి చేరి మట్టల మధ్య కూర్చున్నాడు. కళ్ళు తిరగడం కోసం ఎదురుచూశాడు. రాలేదు. తోటలన్నీ దాటి దూరంగా గోదావరి పాయ నిలకడగా కనిపించింది.

అలవాటు కొద్దీ చెయ్యి నడుముకు పోయింది. సంచీ లేదు. హడావిడిలో ఇంటి దగ్గర మేకుకే వదిలేశాడు. కార్డు చేతికొచ్చాక అదే మొదటిసారి. కిందికి చూస్తే వీరాయమ్మ ఆ సంచీ పట్టుకుని రొప్పుతూ వచ్చి నిలబడింది.

"కార్డు మర్చిపోయేరు, దిగండి."

"నీ దగ్గరే ఉంచవే," అన్నాడు పైనుంచి. "ముందు పక్కకి జరుగు, కాయలు పడతాయి."

వీరాయమ్మ పక్కకు జరిగింది. మొదటి గెల దబ్బున నేల మీద పడింది.