పక్క కుర్చీ తెర

రెండో తెర సాధించడమే ఆమె మొదటి గెలుపు. పాత భూమి పటాలను కంప్యూటర్లోకి ఎక్కించే ఆ కార్యాలయంలో అప్పటికి ఎవరి బల్ల మీద చూసినా ఒక్కటే తెర. పాత పటం తెరిచి, గట్టు ఎటు వంగిందో చూసి, మూసి, కొత్త పటంలో గీత గీయాలి. గీసేలోపు వంపు మరిచిపోతే మళ్లీ మొదటికే. రెండు పటాలూ పక్కపక్కన కనబడితే ఈ తిప్పలుండవని ఆమె మేనేజరు చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. ఆయన చెవిన పెట్టలేదు. చివరికి సామాన్ల గదిలో దుమ్ము కొట్టుకుపోతున్న తెర ఒకటి మోసుకొచ్చి, కేబులు తనే కొనుక్కుని తగిలించింది.

ఇంట్లో అత్తగారు ఊరుకుంటుందా.

"ఉన్న ఒక్క అద్దంలో మొహం చూసుకునే తీరిక లేదు గానీ, అక్కడ రెండు కావాల్సొచ్చాయా నీకు?"

"అద్దం మీద గీయమంటే అక్కడా గీస్తాను అత్తయ్యా."

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. అంతటి పనిమంతురాలు ఆ గదిలో మరొకరు లేరు. వారం పని మూడు రోజుల్లో తేల్చేసేది. పై అధికారులు ఆమె కుర్చీ వెనక నిలబడి ముక్కున వేలేసుకున్నారు. ఆ ఏడు ఉత్తమ ఉద్యోగి ఆమే, మరుసటి ఏడూ ఆమే. గోడకు ఫోటో తగిలించారు. వేరే కార్యాలయాల వాళ్లు వచ్చి మరీ ఆ పద్ధతి నేర్చుకుపోయారు.

అందరికంటే ముందు నేర్చుకున్నది ఎడమ పక్క కుర్చీలో కూర్చునే వదిన. వరసకేమీ కాదు, వయసులో పెద్దదని ఆ పిలుపు.

మేనేజరు మాత్రం వేరేగా ఆలోచించాడు. రెండు తెరలతో ఒక మనిషి ఇద్దరి పని చేస్తుంటే, ఆ రెండో మనిషి దేనికి? చెయ్యి నిదానమని వదినను మానిపించారు.

"నీ పని నువ్వు బాగా చేశావు మరదలా. నిన్నేమంటాను," అంది వదిన, డబ్బా సంచిలో పెట్టుకుంటూ.

మర్నాడు వచ్చేసరికి వదిన తెర ఆమె బల్ల మీద ఉంది, ఎడమవైపు. వదిన వాటా పటాలూ దాంతోపాటే వచ్చాయి. పాత పటాలన్నీ ఆ తెర మీదే తెరిచేది. ఒళ్లు నిటారుగా, మెడ మాత్రం రోజంతా ఎడమకి. కుర్చీ కాస్త తిప్పుకుంటే సరిపోయేది. తిప్పితే గీసే చెయ్యి బల్ల అంచుకు తగిలి వేగం తగ్గుతుందని తిప్పలేదు. ఏళ్లు అలాగే గడిచాయి. ప్రతి ఏడూ ఉత్తమ ఉద్యోగి ఆమే.

ఒక ఉదయం మెడ కుడికి తిరగనంది. వేళ్లు తిమ్మిరెక్కి చేతిలోంచి మౌసు జారిపోయింది. రెండు నెలలు తెర మొహం చూడొద్దని డాక్టరు మెడకు పట్టీ వేశాడు.

"నా కుర్చీ ఉంటుందా సార్?" అని మేనేజరుకు ఫోను చేసింది.

"ఎందుకుండదమ్మా. పని తెలిసిన మనిషిని అందాకా రమ్మన్నాం. నెల దాటితే మాత్రం ఆ మనిషినే ఉంచేస్తాం, ఏమనుకోకు."

ఆదివారం వదిన పళ్లు పట్టుకుని చూడ్డానికి వచ్చింది. ఆ మనిషెవరో అప్పుడు తెలిసింది.

"మీ అన్నయ్యకు పని పోయింది. ఇప్పుడు ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే," అంది వదిన. "నీ బల్ల మీద మూడో తెర తీయించేశాను. రెండు చాలు నాకు."

"చాల్లే వదినా, నీకు రెండే అలవాటు."

వదిన నవ్వలేదు. సంచి చెవులు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది.

"తొందరేముంది, నిదానంగా తగ్గనీ. డాక్టరు రెండు నెలలన్నాడట కదా?"

లోపలినుంచి అత్తగారు కేకేసింది. "రెండు నెలలు ఇంట్లో ఉంటే నా వంటకు వంకలు పెడుతుంది. తీసుకుపొండి."

ఆమె పట్టీ సర్దుకుంది. మెడ తిరగదు కనుక, ఒళ్లంతా వదిన వైపు తిప్పి కూర్చుంది.

"నెల చాలు వదినా. వచ్చే నెల తొమ్మిదో తారీఖు, సోమవారం వస్తున్నానని సార్‌తో చెప్పు."