మా మనవరాలికి తప్ప అందరికీ చెప్పిన రిపోర్టు

మా మనవరాలికి హెచ్‌ఐవీ ఉందని ఆమె అత్తకు చెప్పారు. అత్త నుంచి మామకు, మొగుడికి తెలిసింది. ఆమెకు మాత్రం ఎవరూ చెప్పలేదు. అప్పటికి ఆమెకు మూడో నెల. మొగుడు తన మందులు తాను మొదలుపెట్టుకున్నాడు. ఆమెకు ఐరన్ మాత్రలిచ్చి పాలు తాగమన్నారు. జరిగిన అన్యాయం ఇదీ.

నాది నందిగామ. అయిదో తరగతితో బడి మానేశాను. మిర్చి కమీషన్ కొట్టులో గుమాస్తాగా ఉంటూ, పొట్లాల కాగితాలతో మొదలుపెట్టి లైబ్రరీ దాకా సొంతంగా చదువుకున్నాను. అల్లుడు పోయాక మా అమ్మాయి, దాని కూతురు నా దగ్గరే ఉంటున్నారు. మనవరాలిని ఇక్కడ రమ్య అంటాను, అసలు పేరు అది కాదు. డిగ్రీ అయ్యాక జగ్గయ్యపేటలో ఫ్యాన్సీ సామాను హోల్‌సేల్ వ్యాపారం చేసే ఇంటికి కోడలిగా పంపాం.

ఏదో తేడాగా ఉందని నాకు అనిపించింది ఒక ఫోనుతో. అయిదో నెలలో అనుకుంటాను.

"తాతయ్యా, నాకు కంచం, గ్లాసు విడిగా పెట్టారు."

"ఎందుకట?"

"కడుపుతో ఉన్నవాళ్ళకి ఇన్‌ఫెక్షన్లు రాకూడదంట. కొత్త స్టీలువి కొన్నారులే. వాటిమీద నా పేరు కూడా కొట్టించారు. మహారాణీ భోగం నాది" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఈ జబ్బు కొత్తగా వచ్చిన రోజులు నాకు బాగా గుర్తు. మా కొట్టుకు సరుకు తెచ్చే డ్రైవరొకడు చిక్కి శల్యమైపోతే టీకొట్టువాడు అతని గ్లాసు విడిగా పెట్టాడు. చాకలి బట్టలు తీసుకోలేదు. ఆ తర్వాత చిల్లకల్లు దగ్గర హైవే పక్కన బోర్డులు లేచాయి. ధాబాల్లో నిరోధ్ పెట్టెలు పెట్టారు. డ్రైవర్లకు జాగ్రత్తలు చెప్పారు, మంచిదే. వాళ్ళ ఇళ్ళలో ఉన్న ఆడవాళ్ళు చదవాల్సిన ముక్క ఏ బోర్డు మీదా నేను చూడలేదు. ఇన్నేళ్ళ తర్వాత రమ్య కాలేజీలోనూ అదే తంతు జరిగింది. అవగాహన సదస్సు అని పెట్టి, ఆడపిల్లలకు రక్తహీనత గురించి చెప్పి పంపేసి, అసలు సంగతి మగపిల్లలకు చెప్పారట.

అయినా నేను అంత దూరం ఆలోచించలేదు. టీబీ ఏమో అనుకున్నాను.

ఏడో నెలలో పిల్లను పురిటికి తీసుకురావడానికి పేట వెళ్ళాను. రమ్య నీరసంగా ఉంది. నాలుక మీద తెల్లటి పూత కనిపించింది. అత్తగారు కాఫీ ఇచ్చి, "మావయ్యగారూ, పురుడు మా దగ్గరేనండి. వేదాద్రి స్వామికి మొక్కుకున్నాం" అంది.

"మొక్కు తర్వాత తీర్చుకోవచ్చమ్మా. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి."

"రోజులు మారాయి కదండీ. పోనీ తీసుకెళ్ళండి. హాస్పిటల్ మాత్రం మార్చకండి. చెకప్‌కి మేమే కారు పంపిస్తాం."

"మొదటి కాన్పు మాది. హాస్పిటల్ కూడా మా ఇష్టం."

పెద్దాయన చాదస్తం అన్నట్టు కొడుకు వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. ఆ చాదస్తమే లేకపోతే ఇవాళ నేను వేరే సంగతి రాయాల్సి వచ్చేది.

నందిగామ గవర్నమెంటు ఆసుపత్రిలో రక్తపరీక్షలన్నీ మళ్ళీ చేశారు. తర్వాత కౌన్సెలర్ మేడమ్ రమ్యను పిలిచింది. నేనూ లేచాను.

"మీరు బయట కూర్చోండి తాతగారూ. ముందు ఆమెకి చెప్పాలి. ఆ తర్వాత ఎవరికి చెప్పాలో ఆమె ఇష్టం."

నాకు కోపమొచ్చింది. పెంచినవాణ్ణి బయట కూర్చోమంటుందేమిటని. కాసేపటికి రమ్యే తలుపు తీసి, "నువ్వు లోపలికి రా తాతయ్యా, నేనొక్కదాన్నే వినలేను" అంది.

హెచ్‌ఐవీ పాజిటివ్. ఒక్క కిట్‌తో కాదు, మూడు కిట్‌లతో చూశామని చెప్పింది మేడమ్. తర్వాత రమ్యను అడిగింది.

"మూడో నెలలో ఈ టెస్ట్ చేయలేదామ్మా?"

"రక్తం తీశారండీ. అన్నీ బాగున్నాయన్నారు."

"డాక్టర్ గారన్నారా?"

"కాదండీ. మా అత్తయ్య."

పేటలో తను చూపించుకున్న నర్సింగ్ హోమ్‌లో జరిగేదేమిటో రమ్య అప్పుడు చెప్పింది. ఫైలు అత్తగారి చేతిలో ఉంటుంది. పరీక్ష చేసేటప్పుడు కోడల్ని బల్ల మీద పడుకోబెడతారు. అయిపోగానే బయటికి పంపి, పెద్దావిడతో మాట్లాడతారు. అక్కడికొచ్చే కోడళ్ళందరిదీ అదే వరస. ఎవరికీ వింతగా అనిపించలేదు.

హెచ్‌ఐవీకి మందులిచ్చే విజయవాడ ఏఆర్‌టీ సెంటర్‌లో డాక్టర్ గారు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. "ఆలస్యమైంది. అయినా టైముంది. ఈ రాత్రి నుంచే టాబ్లెట్ వేసుకో అమ్మా, ఒక్క రోజు కూడా మానొద్దు. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, దిగితే బిడ్డకి రాకుండా ఆపగలం."

సంగతి తెలిసి అత్తగారు, కొడుకు మా ఇంటికొచ్చారు. గుమ్మంలోనే అందుకుంది.

"మీ పిల్ల కాలేజీలో చదివిందిగా మావయ్యగారూ. ఎక్కడ తగిలించుకుందో ఎవరికి తెలుసు?"

నేను నోరు తెరిచేలోగా రమ్యే జవాబిచ్చింది. "పెళ్ళికి ముందే కాలేజీ క్యాంపులో రక్తమిచ్చా అత్తయ్యా. టెస్ట్ చేయకుండా ఎవరికీ ఎక్కించరు. తేడా ఉంటే అప్పుడే పిలిచేవాళ్ళు." మొగుడి వైపు తిరిగింది. "నువ్వు మందులు వాడుతున్నావా?"

తలూపాడు. ఖమ్మంలో తెచ్చుకుంటున్నాడట. పేటవాళ్ళెవరూ చూడరని.

"ఎప్పట్నుంచి?"

"నీ రిపోర్టు వచ్చిన వారం నుంచి."

"వాడు షాపు చూసుకోవాలి కదమ్మా" అంది అత్తగారు, కొంచెం తగ్గి. "నీకు చెబితే కడుపు తీయించుకుంటావని భయపడ్డాం. వంశం కదా."

"వంశానికే కదా అత్తయ్యా ఆ మందు కావాల్సింది?" అని రమ్య లోపలికి వెళ్ళిపోయింది. అదే జబ్బున్న కొడుకు ఆ ఇంట్లో అందరి కంచాలతో కలిపి తిన్నాడు. కంచం మీద పేరు కొట్టించింది దీనికొక్కదానికే.

మొదటి రోజులు కష్టంగా గడిచాయి. రమ్యకు వాంతులు, నిద్ర పట్టేది కాదు. కాన్పు దగ్గరపడ్డాక చేసిన వైరల్ లోడ్ ఇంకా ఎక్కువగానే వచ్చింది. "మూడో నెలలోనే మొదలుపెట్టి ఉంటే ఈపాటికి బాగా దిగేదండీ" అన్నారు డాక్టర్ గారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. పుట్టిన గంటల్లోనే సిరప్ పట్టించారు, ఒకటి చాలదని రెండు రకాలు. నెలన్నరకు మడమ దగ్గర రక్తం చుక్కలు తీసి కాగితం మీద ఆరబెట్టి పంపితే, శాంపిల్ సరిపోలేదని మళ్ళీ రమ్మన్నారు. రెండోసారి నెగటివ్ వచ్చింది. అదే చివరిది కాదు, ఏడాదిన్నర దాకా చూడాలన్నారు. చూశాం. చివరి పరీక్ష కూడా నెగటివ్.

ఇప్పుడు పాప మా వీధంతా పరుగెడుతోంది. రమ్య ఒక బట్టల షాపులో బిల్లింగ్ చేస్తోంది. రాత్రి భోజనమయ్యాక టాబ్లెట్ వేసుకుంటుంది. వైరల్ లోడ్ కనపడనంత తక్కువకు దిగింది. అత్తారింటికి వెళ్ళనంది. మేం బలవంతం చేయలేదు. మొగుడు అప్పుడప్పుడూ పాపను చూడటానికి వస్తాడు. వరండాలో కూర్చుని పోతాడు. మనిషి బాగానే ఒళ్ళు చేశాడు.

చదివే ఆడపిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. మీ రక్తం ఎవరు తీసినా, దాంట్లో ఏముందో మీరే లోపలికెళ్ళి, మీ నోటితో అడిగి తెలుసుకోండి. హెచ్‌ఐవీ టెస్ట్ చేశారా, ఏమొచ్చింది అని పేరు పెట్టి అడగండి. అత్తగారైనా, అమ్మైనా, నాలాంటి తాతైనా సరే, ఆ కాసేపు బయట కూర్చోమనండి.

ఇవన్నీ అయ్యాక ఒక పని మిగిలింది నాకు. ఆ నర్సింగ్ హోమ్ డాక్టరమ్మను అడగాలి. వెళ్ళిన ప్రతిసారీ బిజీ అన్నారు. రోగి ఒప్పుకోకుండా రిపోర్టు ఇంకొకరికి చెప్పకూడదనే హెచ్‌ఐవీ చట్టం పుస్తకం సంచిలో పెట్టుకుని, వరండాలో ఉన్న కోడళ్ళ మధ్య కూర్చోవడం మొదలుపెట్టాను. చివరికి పిలిచింది. కుర్చీ చూపించింది, మర్యాదగానే మాట్లాడింది. రోగి ఆమె అయితే అత్తకెందుకు చెప్పారని అడిగాను. డాక్టరమ్మ ఇచ్చిన జవాబు ఇది:

"ఎవరో ఒకరికి చెప్పాం కదండీ పెద్దాయనా. మీ మనవరాలు వచ్చినప్పుడల్లా ఎంతో బుద్ధిగా ఉండేది. నాకేమైందని ఒక్కసారి కూడా అడగలేదు."