దొంతిగుండు కాడ దింపు

ఫిలింనగర్ గుట్టల మీద నాతో పాటు మేకలు కాసిన దోస్తులారా, దొంతిగుండు గుర్తుందా? కుండ మీద కుండ పేర్చినట్టు మూడు బండలు. దాని జాగాలో లేచిన అపార్ట్‌మెంటు ముందు నిలబడి ఇది రాస్తున్నాను. పక్క ప్లాటులో రాయి కొడుతున్నారు, అదే రాతిపొడి వాసన.

సినిమావాళ్లు ఒకసారి దానికి సున్నం కొట్టి మంచుకొండ చేశారు. మా అమ్మ మిరపకాయల చాట పట్టుకొచ్చి, "మంచు గించు తర్వాత, నా మిర్పకాయలు ఏడ ఎండబోయాలె?" అని కొట్లాడింది. పొద్దుగూకినా ఆ బండ వెచ్చగానే ఉండేది. వీపు ఆనించి సీతాఫలాలు తినేవాళ్లం.

గుండును పేల్చేసి ఏళ్లయింది. ఈమధ్య అమ్మకు ఆ సంగతి గుర్తుండటం లేదు. పొద్దున బోరబండలో మా అక్క ఇంటి నుంచి ఒక్కతే ఆటో ఎక్కింది. ఇంకా ఇల్లు చేరలేదు. ఆటో అతన్ని పట్టుకుని అడిగాను.

"దొంతిగుండు కాడ దింపుమన్నది అన్నా. ఫోన్‌ల చూస్తే గసొంటిదేం లేదు. ఎవర్ని అడిగినా తెల్వదన్నరు. 'నేనే దేవులాడుకుంట తియ్' అని ఫిలింనగర్‌ల దిగిపోయింది."

టోలిచౌకి దాకా వెతికాను. చీకటి పడుతోంది.

ఆకుపచ్చ చీర, చేతిలో గుడ్డసంచి. దొంతిగుండుకు దారి అడిగే ముసలమ్మ మీకెవరికైనా కనబడితే, అది లేదని మాత్రం చెప్పకండి. చెబితే నమ్మదు, ఇంకా ముందుకు నడుస్తుంది. "ఇదేనమ్మా, కూర్చో" అనండి. నేను వచ్చేస్తాను.