పద్నాలుగు గోంగూర మొక్కలు, ఒక నోటుపుస్తకం

నవంబరు పదకొండు, శనివారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. గోంగూర కట్టకు దారం తెంపినప్పుడల్లా నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ వేళే. నిన్నా అంతే. నా మనవరాలు ఆస్పత్రిలో డ్యూటీ దిగి వస్తూ బతా బజారులో రెండు కట్టలు కొనుక్కొచ్చింది. కాడ విరిగినచోట పచ్చి పులుపు వాసన వచ్చింది. ఒక ఆకు నోట్లో వేసుకుంటే దవడలు లాక్కుపోయాయి. వంటగట్టు ముందు నిలబడి ఆకు వలుస్తూ కాసిం సాయిబు గారి గురించి రాసి పెట్టాలనుకున్నాను. ఎనిమిదేళ్ల కిందట ఇదే రియాద్‌లో, మరొకరి ఇంటి మిద్దె మీద, మట్టి లేకుండా గోంగూర పెంచడం నాకు నేర్పిన మనిషి ఆయన. లెక్కగా బతకడం కూడా ఆయనే నేర్పారు.

అప్పటికి నాకు యాభై నాలుగేళ్లు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఆ ఇంట్లో వంటపనికి చేరి ఆరేళ్లయింది. వంటతోపాటు యజమాని తల్లిని చూసుకోవడం కూడా నా పనే. ఆమెను అందరం జద్దా అనేవాళ్లం. వాళ్ల భాషలో నాయనమ్మ అని. ఊళ్లో నాకున్నది తల్లి లేని మనవరాలు ఒక్కతే. నర్సింగు రెండో ఏడాదిలో ఉంది. దాని చదువు పూర్తికావడానికి ఇంకా రెండున్నరేళ్లు పట్టేది. ఆ రెండున్నరేళ్లూ నేను ఆ ఇంట్లో ఉండి తీరాలి. నా పగలూ రాత్రీ ఆ ఒక్క ఆలోచన చుట్టూనే తిరిగేవి.

కాసిం సాయిబు గారు ఆ ఇంటి డ్రైవరు. ప్రొద్దుటూరు మనిషి, నాకంటే నాలుగేళ్లు పెద్ద. సన్నగా పొడుగ్గా ఉండేవారు. నవ్వితే నెరిసిన మీసం ఒకపక్కకే లేచేది. డ్రైవరు కాకముందు తబూక్‌లో ఒక పెద్ద తోటలో పదకొండేళ్లు పనిచేశారు. అక్కడ అద్దాల షెడ్డు లోపల, నీళ్లు పారే గొట్టాల్లో కీరదోస పెంచేవారట. తోట చేతులు మారాక రియాద్ వచ్చి స్టీరింగు పట్టుకున్నారు. ఇంకో ఏడాదిన్నర పనిచేస్తే ఊళ్లో చేను పక్కన అలాంటి షెడ్డే చిన్నది వేసుకోవాలని ఆయన ఆశ. గొట్టాలు ఏ వాలున పెట్టాలో కారు అద్దం మీది దుమ్ములో వేలితో గీసి చూపించేవారు.

మేము మాట్లాడుకోవడం గోంగూర వల్లే మొదలైంది. ఊరి నుంచి వచ్చిన ఒకామె నాకు చిన్న పొట్లంలో గింజలు తెచ్చిపెట్టింది. మిద్దె మీద రెండు కుండీల్లో కొన్ని వేశాను. ఒక దుమ్ముగాలికి మొలకలు వాలిపోయాయి. మిగిలినవి ఎండకు మాడిపోయాయి. పైగా కుండీ నీళ్లు కారి ఆరేసిన తెల్ల దుప్పట్లకు మరకలయ్యాయి. యజమాని భార్య, మా మేడమ్, పైకి వచ్చి చూసి, ఇక మిద్దె మీద మట్టి కనబడకూడదని గట్టిగా చెప్పింది. నేను కుండీల పక్కన చతికిలబడి ఉంటే, నీళ్ల ట్యాంకు మూత సరిచేయడానికి వచ్చిన సాయిబు గారు చూశారు.

"ఏంది చెల్లెమ్మా, కుండీలకు దినం చేస్తాండావా?"

"నవ్వండి సాయిబు గారూ, నవ్వండి. గోంగూర పచ్చడి తిని ఆరేళ్లయిందండి. శుక్రవారం బతా పోదామంటే నాకు సెలవెక్కడిది? ఇంట్లో వేసుకుందామంటే మేడమ్ మట్టే వద్దంటున్నారు."

"మట్టి వద్దనింది. మొక్క వద్దనలేదు గదా?"

"మట్టి లేకపోతే ఎక్కడ మొలుస్తుందండీ, మీ మీసంలోనా?"

"నా మీసంలో నీళ్లు లేవు. నీళ్లుంటే మొలుస్తాది. మట్టి దండగ."

వేళాకోళం అనుకున్నాను. ఆయన మాత్రం ఆ సాయంత్రమే మేడమ్‌ను అడిగారు. నీళ్లలో పెంచే ఆకుకూర, మట్టి ఉండదు అని చెబితే, మిద్దె మీది బట్టలుతికే గదిలో ఒక మూల పెట్టుకోండి అని చెయ్యి ఊపేసింది. ఆ వారం సాయిబు గారు చేపల అంగడి నుంచి రెండు తెల్ల థర్మోకోల్ పెట్టెలు తెచ్చారు. నీళ్లకు వెలుగు తగిలితే పాచి పడుతుందని వాటికి నల్ల ప్లాస్టిక్ చుట్టారు. ఒక్కో మూతకు ఏడు చిల్లులు. మేకు కాల్చి పెరుగు కప్పుల అడుగున బెజ్జాలు పెట్టి ఆ చిల్లుల్లో కూర్చోబెట్టారు. చేపల తొట్టిలో బుడగలు తెప్పించే చిన్న పంపు ఒకటి. సులై అనే పేటలో గోదాములో పనిచేసే స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చిన, మొక్కలకు వేసే పాత లైటు ఒకటి. అది వేస్తే గదంతా ఊదారంగు అయిపోయేది.

శనివారం పొద్దున్నే తడిగుడ్డలో గింజలు మూట కట్టాను.

"టైమెంత?" అన్నారు.

"ఆరూ నలభై అండి."

"రాయి. తేదీ, టైము, గింజలెన్ని."

"ఇరవై నాలుగు గింజలకు రాతకోతలు ఎందుకండీ?"

ఆయన పెట్టె అంచు మీద చెయ్యి పెట్టారు. తర్వాత అన్నారు. "నాకు అంకెలొచ్చు, అచ్చరాలు రావు. తబూకులో పదకొండేండ్లు చేస్తిని. ఏ తీగకు చలికి ఎంత, ఎండకు ఎంత, అంతా ఈ చేతిలోనే ఉండాది. నేను పోతే చెయ్యి గూడా పోతాది. నువ్వు పది చదివినావు గదా, నువ్వు రాయి. షెడ్డు వేసినప్పుడు నాకు పనికొస్తాది."

అంతవరకు నేను ఉప్పు కూడా చేత్తో చూసి వేసే మనిషిని. ఎవరైనా కొలత అడిగితే ఓ చిటికెడు, ఓ గుప్పెడు అనేదాన్ని. ఆ రోజు నుంచి బట్టల గది గోడకు మేకు కొట్టి, దానికి నోటుపుస్తకం, పెన్సిలు వేలాడదీశాను. లైటు ఎప్పుడు వేశాం, ఎప్పుడు తీశాం, నీళ్లు ఎన్ని వేళ్ల లోతు తగ్గాయి, కొత్త ఆకులెన్ని, అన్నీ రాశాను. మొలిచినవి పదిహేడు. మూడు మొలకలు మొదట్లో కుళ్లిపోయాయి. పద్నాలుగు నిలిచాయి.

మొక్కల బలానికి రెండు సీసాల మందు ఉండేది. రెండూ ఒకే మగ్గులో కలిపి పోసేస్తే ఒక పని తగ్గుతుందని నేను ఒకరోజు కలిపేశాను. క్షణంలో మజ్జిగలా తెల్లగా విరిగి, అడుగున సున్నంలా పేరుకుంది. సాయిబు గారిని కేకేశాను. సాయిబు గారు వచ్చి మగ్గులోకి తొంగిచూసి గోడకు చేరగిలబడి నవ్వారు.

"వీండ్లిద్దురూ వియ్యపురాండ్లు చెల్లెమ్మా. నడాన నీళ్లు లేకుంటే కొట్టుకు సస్తారు. ముందు నీళ్లు, ఆమీట ఒకామె, బాగా కలిపి, ఆమీట ఇంకొకామె."

"పారబోసేయనా అండి?"

"పారబొయ్. పారబోసింది గూడా రాయి. తప్పు రాయకుంటే అది లెక్క కాదు, పొగడ్త."

ఆ మాట రాసుకోలేదు గానీ ఒక్క అక్షరం మరచిపోలేదు.

డిసెంబరు పదిహేను, శుక్రవారం నాడు మొదటిసారి ఆకు కోశాను. రెండు గుప్పిళ్లు. పప్పులో వేసి వండాను. అప్పటికి జద్దా పది రోజులుగా సరిగ్గా తినడం లేదు. ఏం పెట్టినా ముఖం తిప్పుకునేది. ఒక చెంచా పప్పన్నం పెట్టి చూశాను. ముడతల మొహం ఒక్కసారి చిట్లించి, "హామిద్!" అంది. పులుపు అని. పళ్లెం తీసేయబోతే నా మణికట్టు పట్టుకుని ఆపింది. ఆ రోజు మొత్తం పదకొండు చెంచాలు తిన్నది. తర్వాత రోజూ మధ్యాహ్నం "నా పులుపు ఏది?" అని అడిగేది. సాయిబు గారికి చెబితే మీసం ఒకపక్కకు లేచింది. ఆకు చాలు, ఇక గింజ కూడా కట్టించుకుందామన్నారు. పగలు పొట్టిదైతేనే గోంగూర పూస్తుందని, పదహారు గంటల లైటును మర్నాటి నుంచి పదకొండు గంటలకు తగ్గించాం. జనవరి నడిమికి కొమ్మల చివర మొగ్గలు కనబడ్డాయి.

ఇక్కడ మేమిద్దరం చేసిన తప్పు చెప్పాలి. మా వైపు గోంగూర ఆకు అరచెయ్యిలా వేళ్లుగా చీలి ఉంటుంది. అంచులు రంపపు పళ్లు. చంటిపిల్లప్పటి నుంచి తిన్న ఆకు. మూసిన గదిలో, ఊదారంగు లైటు కింద, నల్ల ప్లాస్టిక్ చుట్టిన పెట్టెల్లో నిలబడిన అదే ఆకు తెలియని కళ్లకు గంజాయిలా కనబడుతుందని, గింజలు తెచ్చిన నాకు తట్టలేదు, పదకొండేళ్లు మొక్కలతో బతికిన ఆయనకూ తట్టలేదు. ఆ దేశంలో ఆ మాటకు శిక్ష ఎంతటిదో మా ఇద్దరికీ తెలుసు.

జనవరి పంతొమ్మిది, శుక్రవారం. నమాజు తర్వాత భోజనాలకు చుట్టాలు వచ్చారు. మధ్యాహ్నం మూడున్నరకు మేడమ్ తమ్ముడు ట్యాంకు చూడ్డానికి పైకి వెళ్లి, తలుపు సందులో ఊదారంగు వెలుగు చూశాడు. అతను కేకవేసిన మాట "హషీష్". గంజాయి అని. నేను తడి దుప్పటి పట్టుకుని వాషింగ్ మెషిన్ పక్కనే ఉన్నాను. మా కఫీల్, అంటే మా వీసాలు ఎవరి పేరు మీద ఉన్నాయో ఆ యజమాని, చెప్పులు కూడా లేకుండా పైకి వచ్చాడు. మేడమ్ తమ్ముడు మేకు మీది పుస్తకం లాగి తిప్పాడు. తెలుగు అతనికి రాదు, అంకెలు అర్థమయ్యాయి. తేదీలు, గంటలు, మందు కొలతలు. "చూడు, ఎంత జాగ్రత్తగా పెంచారో చూడు" అన్నాడు. నేను శ్రద్ధగా రాసిన ప్రతి అంకె మా మీదికే తిరిగింది.

కఫీల్ ఫోను చేతిలోకి తీసుకుని అడిగాడు. "హాదా హగ్ మీన్?" ఇది ఎవరిది?

నేను నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. నా కళ్ల ముందు మనవరాలి మొహం కదిలింది. గొంతు దాటి మాట రాలేదు. అప్పుడే కేకలు విని మెట్లెక్కి వచ్చిన సాయిబు గారు గుమ్మంలో నిలబడి చెప్పారు. "హాదా హగ్గీ, బాబా." ఇది నాది, అయ్యా.

"ఈ రాత?"

"రాత కూడా నాదే."

అక్షరం రాని మనిషి ఆ రాత తనదే అన్నారు. అది అబద్ధమని తెలిసిన మనిషిని అక్కడ నేనొక్కదాన్నే.

నేను చేసింది ఒక్కటే. ఒక కొమ్మ చివర తుంచుకుని కిందికి పరుగెత్తి జద్దా చేతిలో పెట్టాను. ఆమె ఆకు నమిలి, తన చక్రాల కుర్చీని మెట్ల మొదటి దాకా తోయించుకుని, కొడుకును పేరు పెట్టి అరిచింది. "ఇది నా మధ్యాహ్నపు కూర! నువ్వూ తిని చూడు!" అతను కిందికి దిగి వచ్చి తిన్నాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. పోలీసుల మాట అక్కడితో ఆగింది. కానీ అప్పటికే మేడమ్ తమ్ముడి కేక కింద భోజనాల గదిలో అందరూ విన్నారు. "మా అమ్మ మాట నమ్ముతాను. రేపు ఊరంతా ఏమనుకుంటుందో దానికి ఏం చెప్పను? ఇది ఎవరిదైతే వాళ్లు నా ఇంట్లో ఉండడానికి లేదు" అన్నాడు కఫీల్. పద్నాలుగు మొక్కలనూ సాయిబు గారి చేతనే పీకించారు. ఆయన ఒక్కొక్కటే వేళ్లతో సహా మెల్లగా తీసి, లెక్కపెడుతూ నల్ల సంచిలో వేశారు. పుస్తకం నాలుగు ముక్కలై అదే సంచిలోకి పోయింది.

ఐదు రోజుల్లో ఆయనకు, ఇక తిరిగి రాకుండా ఊరికి పంపేసే ఎగ్జిట్ వేయించారు. జనవరి ఇరవై నాలుగు, బుధవారం పొద్దున, జద్దా మంచం పక్క గ్లాసులో పెట్టిన ఆ కొమ్మ పూసింది. లేత పసుపు రేకులు, నడుమ ముదురు ఎరుపు. ఆ పువ్వు ఒక్క వారం ముందు పూసి ఉంటే అది గంజాయేనా అని ఎవరూ అడిగేవారు కాదు. దాన్ని పట్టుకుని గేటు దగ్గరకు వెళ్లాను. ఆయన సంచితో కారు కోసం నిలబడి ఉన్నారు.

"సాయిబు గారూ, పూసిందండి."

"టైమెంత?"

"ఏడూ పది."

"రాస్తివా?"

"పుస్తకం ఎక్కడుందండీ? నేను లోపలికెళ్లి నిజం చెప్పేస్తానండి."

"ఎవరికి చెప్తావు? ఎగ్జిట్ పడిపాయ. ఇప్పుడు చెప్తే ఇద్దరం పోతాం, అంతే. పాప చదువు ఇంకా ఎన్నాళ్లుండాది?"

"రెండున్నరేళ్లండి."

"నా షెడ్డు ఎప్పుడైనా వేస్తా. పరీచ్చలు ఆగవు గదా. పో, జద్దాకు అన్నం పెట్టు."

ఆయన మాట విన్నాను. వినడం నాకు వీలుగా ఉంది కాబట్టి విన్నాను. ఆయన ఫోను నంబరు కఫీల్‌ది కావడంతో ఆ రోజే ఆగిపోయింది. ఊళ్లో నంబరు నేను అడగలేదు.

ఆ మధ్యాహ్నమే కొత్త పుస్తకం మొదలుపెట్టి, ఆయన చెప్పినవీ నేను రాసినవీ గుర్తున్నంత మేరకు మళ్లీ రాశాను. అది ఇప్పటికీ నా దగ్గరుంది. ప్రొద్దుటూరు వెళ్లేవాళ్లు కనబడినప్పుడల్లా అడుగుతాను. కాసిం అనే పేరు అక్కడ వీధికి ముగ్గురికి ఉంటుందని నవ్వుతారు. మనవరాలు చదువు పూర్తిచేసి, ఇదే ఊళ్లో నర్సుగా చేరి, నన్ను విజిట్ వీసా మీద పిలిపించుకుంది. నిన్న నేను పప్పు పొయ్యి మీద పెట్టి గడియారం చూసి రాసుకుంటుంటే, "అమ్మమ్మా, గోంగూర ఉడకడానికి కూడా టైము రాయాలా?" అంది. ఈ రాత ముందుగా చదవాల్సింది నా మనవరాలే. పోయినవాటి లెక్క ఇది.

గింజలు, ఇరవై నాలుగు. మొక్కలు, పద్నాలుగు. పెట్టెలు రెండు, పంపు ఒకటి, లైటు ఒకటి. అరవై తొమ్మిది రోజుల రాతలో తిరిగి గుర్తుకు తెచ్చుకోగలిగినవి నలభై ఒకటి. పోయినవి ఇరవై ఎనిమిది. కాసిం సాయిబు గారి కొలువు, ఒకటి. వేయని షెడ్డు, ఒకటి. నేను పలకవలసి ఉండి పలకని మాటలు, రెండు. హాదా హగ్గీ.