మూడింటికి తెగే నెట్టు, మా ఓనర్ సార్

మా ఓనర్ సార్ పోయి ఈ రోజుకు పన్నెండు రోజులు. పొద్దున చాయ్ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారు. ఆయన భార్య, మా ఆంటీ, వేసిన కేక విని పై అంతస్తు నుంచి పరుగున దిగాను. గుండె ఆగిందన్నాడు డాక్టరు. సార్‌కు వినబడి ఉంటే ఆ మాటా నమ్మేవారు కాదు, ఇంకోచోట చూపించమనేవారు.

ఆయనకు అంత అనుమానం. గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా రిటైరై, పటాన్‌చెరులో ఈ ఇల్లు కట్టుకున్నారు. గ్యాస్ సిలిండర్ వస్తే తూకం వేయించేవారు. పాల ప్యాకెట్‌ను వెలుతురుకు ఎత్తి చూసేవారు. "ఎవల మాటా నమ్మకు బిడ్డా, మీటర్ పెట్టి సూడు" అనేవారు. మేం కిరాయికి దిగిన రోజున నా ఉద్యోగం గురించి ఆరా తీశారు. ఇంటి నుంచే పని చేస్తాననీ, వీపీఎన్ అంటే మా ఆఫీసులోకి ఎవరూ తొంగిచూడలేని దారి అనీ చెప్పాను.

"ఎవలకు కనబడకుండ పోయే తొవ్వ మంచోళ్లకెందుకు బిడ్డా?" అన్నారు.

నేనూ తక్కువ తినలేదు. పోయిన ఎండాకాలం రోజూ మధ్యాహ్నం మూడింటికి నా వీపీఎన్ తెగిపోయేది. సరిగ్గా అప్పుడే సార్ చెప్పులు టపటపమంటూ డాబా మెట్లెక్కేవి. నాలుగో రోజు తలుపు సందులోంచి చూశాను. ఆయన పైకెళ్లారు, నా నెట్టు పోయింది. క్లయింటుతో మాట్లాడుతూ రెండుసార్లు మాయమయ్యేసరికి మా మేనేజరు, "ఇంకొక్కసారి ఇలా అయితే బెంగళూరు వచ్చి ఆఫీసులో కూర్చో, లేదా మానెయ్" అంది. మా ఆయన ఉద్యోగం భానూర్‌లో, పాపకు మూడేళ్లు. ఎక్కడికని పోతాను?

కోపం ఆపుకోలేక కిందికెళ్లి అడిగేశాను. "రోజూ నా నెట్టు మీరే తీసేస్తున్నారు కదూ, సార్?"

ఆయన ముఖం నల్లబడింది. "నా ఇంట్ల నన్నే దొంగను జేస్తున్నవా?" అని లోపలికి వెళ్లిపోయారు. ఇల్లు ఖాళీ చేయమంటారని భయపడ్డాం.

మర్నాడు ఆదివారం. టెస్టరు పట్టుకుని సారే పైకి వచ్చారు. ఇంట్లో మూడు రౌటర్లు: కేబులతను పెట్టినది కింద, సిగ్నల్ అందక నేను కొన్నది మా గదిలో, సార్ పాతది డాబా మెట్ల గదిలో. "అన్ని ఒక్కపారి ముట్టుకుంటే తప్పు ఏడున్నదో ఎట్ల తెలుస్తది? ఒక్కొక్కటి బంద్ పెడదాం. ముందుగల్ల నీదే" అన్నారు. నాదే దొంగదని ఆయన నమ్మకం. నాది తీసి, తీగను నేరుగా లాప్‌టాప్‌కు పెట్టాం. వీపీఎన్ నిలబడింది. డాబా మీదిది వేయగానే తెగింది. తీసేస్తే నిలబడింది. తన రౌటరునే నమ్మలేక ఐదుసార్లు వేసి చూశారు.

ట్యాంకు మూత ఎవరో ఎత్తుకుపోతారని డాబా మీద కెమెరా పెట్టి, రోజూ మధ్యాహ్నం కునుకు తీసే ముందు దాన్నీ ఆ రౌటరునూ ఆన్ చేసి, లేచాక ఆపేసేవారట. కింది రౌటరుకూ దానికీ ఐపీ నంబరు ఒకటే. ఒకే డోర్ నంబరుతో వీధిలో రెండు ఇళ్లున్నట్టు, నా వీపీఎన్ దారి తప్పేది. ఆయన ఏదో సాకు చెబుతారనుకున్నాను.

"దొంగ దొరికిండు బిడ్డా. నేనే" అన్నారు.

నాకు సిగ్గేసింది. ఈ రోజు ఉద్యోగంలో ఉన్నానంటే అది ఆయన అనుమానం పెట్టిన భిక్షే.

నంబరు మారిస్తే రెండూ నడుస్తాయన్నాను. "మార్చినంక మల్ల మారదని ఏం గ్యారంటీ?" అని ఒప్పుకోలేదు. ఫ్యాక్టరీ నాటి ఎర్ర ట్యాగు తెచ్చి, "ఆన్ చేయరాదు" అని రాసి, సంతకం పెట్టి, ఆ స్విచ్చుకు దారంతో కట్టేశారు. ఫ్యాక్టరీలో అలాంటి ట్యాగును కట్టినవాడే విప్పాలట. ఇంకెవరూ ముట్టుకోకూడదట.

నిన్న కేబులతను వచ్చాడు. ఆంటీ ఒక్కరే ఉంటున్నారు కదా, నంబరు మార్చి కెమెరా నడిపిద్దామని నేనే పిలిపించాను. అతను ట్యాగు విప్పబోతుంటే ఆంటీ చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగు బిడ్డా. కట్టినాయనే ఇప్పాలె."

అన్నాక, ఆ మాట తనకే వినబడి ఆవిడ మెట్ల మీద కూర్చుండిపోయారు. ట్యాగు ఎరుపు వెలిసిపోయింది. సంతకం మాత్రం ఇంకా నల్లగానే ఉంది.