రాతిలో పుంజు

కంపూర్‌దరత్‌లో ఏ గుమ్మం ముందు నిలబడినా రాతిపొడే. ఆరేసిన లుంగీల మీదా, పళ్ళెంలో సోయాతో చేసిన టెంపే ముక్కల మీదా, పసిపిల్లల కనుబొమ్మల మీదా అదే పొడి. తూర్పు జావాలోని తులుంగాగుంగ్ జిల్లాలో యాష్‌ట్రేలూ వాష్‌బేసిన్లూ గోరీ పలకలూ చేసి పంపేది ఈ ఊరే, ఆ చేసేవాళ్ళలో సనిమాన్ ఒకడు. వాళ్ళలో ఒకడంటే మాత్రం అతనికి ఒళ్ళు మండుతుంది. తాను కళాకారుణ్ణని అతని నమ్మకం. ఊరు మాత్రం అతన్ని గోరీల సనిమాన్ అనే పిలిచేది, ఎందుకంటే చనిపోయినవాళ్ళ పేర్లు చెక్కి ఇచ్చేది అతనే.

అతని చేతిలో విద్య లేదనడానికి లేదు. ఇక్కడి కొండల్లో దొరికే ఓనిక్స్ అనే చారల రాయికి పౌరుషం ఎక్కువ. కోస్తుంటేనే బీటలు వారుతుంది, మొయ్యబోతే విరుగుతుంది. సనిమాన్ ఆ ముక్కల్ని దగ్గరకు చేర్చి, అదే రాయి పొడిని జిగురులో కలిపి లప్పం పెట్టి పాలిష్ కొట్టాడంటే, పగులు ఎక్కడుందో ఆ రాయికే తెలియదు. కాఫీ కొట్లో కూర్చుని, గ్లాసు అడుగున మిగిలిన మడ్డిని ఆ ఊరి అలవాటు ప్రకారం సిగరెట్టు మీద తీరిగ్గా బొమ్మలుగా పూసుకుంటూ, తన అతుకు కనిపెట్టినవాడికి మేకను ఇచ్చేస్తానని పందెం కాసేవాడు. ఎవ్వరూ కనిపెట్టలేదు. ఆ మేక అతని దొడ్లోనే ముసలిదై చచ్చింది.

అయితే రోజులు బాగా లేవు. పింగాణీ బేసిన్లు చవగ్గా దిగి రాతి బేసిన్లను మూలకు తోసేశాయి. సనిమాన్ షెడ్డులో గోరీ పలకలు తప్ప పని లేదు. ఊళ్ళో ముసలివాళ్ళు ఆరోగ్యంగా తిరుగుతుంటే చిరాకుపడే స్థితికి వచ్చాడు పాపం. షెడ్డు మూసేస్తే అతనొక్కడే కాదు, అతని బావమరిది జుమాదీ, ఇంకా చుట్టుపక్కల నాలుగిళ్ళవాళ్ళూ ఇటుక బట్టీలకు పోవాల్సిందే. సనిమాన్ భార్య కతెమి షెడ్డు ముందే పెసెల్ బండి పెట్టుకుని ఉడికిన ఆకుకూరల మీద వేరుశెనగ పచ్చడి పోసి అమ్ముతుంది. ఆ బండి దగ్గర తినేది కూడా ఆ పనివాళ్ళే.

అలాంటప్పుడు సురబాయ నగరం నుంచి నల్లకారు వచ్చి ఆగింది. అందులోంచి వినార్తి దిగింది. హోటళ్ళ యజమానురాలు, ముఖంలో నవ్వు తక్కువ, మాటలో పొదుపు ఎక్కువ. వెనకాలే ప్రదీప్త అనే కుర్రాడు దిగాడు. ఆమె హోటళ్ళకు లోపలి అలంకారం చేసేది అతనే. నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, నల్ల చెప్పులు. రంగుల గురించి చెప్పి బతికేవాళ్ళు నలుపే ఎందుకు వేసుకుంటారో ఎవరికీ తెలియదు. అతను చెత్తకుప్పలోంచి పల్చటి ఓనిక్స్ ముక్క తీసి, దాని వెనక ఫోన్ టార్చి వెలిగించాడు. రాయి లోపలి నుంచి కరిగిన నెయ్యిలా పచ్చగా వెలిగింది. దానిలోని చారలన్నీ నిద్ర లేచినట్టు కనిపించాయి.

సనిమాన్ నోరు వెళ్ళబెట్టాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ రాయితోనే బతికాడు గానీ దాని వెనక దీపం పెట్టాలన్న ఆలోచన అతనికి ఏనాడూ రాలేదు. వచ్చినా కరెంటు బిల్లు ఎవరు కడతారు?

కొత్త హోటల్ ముందు హాలులో గోడంతా ఓనిక్స్ పలకలు, వెనక దీపాలు. అదీ పని. ఈ గోడ నచ్చితే బాలీలో కట్టబోయే పెద్ద హోటల్‌లో గోడలన్నీ ఈ షెడ్డుకే అని వినార్తి మాటిచ్చింది. నచ్చకపోతే ఏమిటన్నది ఆమె చెప్పలేదు, సనిమాన్ అడగలేదు. ఇటుక బట్టీ అందరికీ తెలిసిందే.

ఆ రోజు నుంచి అతనికి నేల మీద కాలు నిలవలేదు. గోరీ కోసం వచ్చిన ఒకాయనను, మీ నాన్నగారిని ఇంకొన్నాళ్ళు మట్టి కిందే ఉండనివ్వండి, నాకు ఇప్పుడు తీరిక లేదని పంపేశాడట. పలకలు మునుపెన్నడూ లేనంత పల్చగా కోశారు. పల్చటివి గనుక విరగాల్సినన్ని విరిగాయి. సనిమాన్ రాత్రీ పగలూ లప్పం పెట్టాడు. తడిగుడ్డతో తుడిచి ఎండలో పెట్టి చూస్తే అద్దమే, ఎక్కడా గీత లేదు.

చివర్లో అన్ని పలకలకూ చేసేదే వీటికీ చేశారు. పల్చటి రాయి లారీలో కుదుపులకు విరగకుండా వెనకవైపు ప్లాస్టిక్ గోతం అంటిస్తారు. వేరే ఊళ్ళలో ఏదో వల అంటిస్తారట గానీ ఇక్కడ ఖాళీ బియ్యం గోతమే గట్టిదని తాతల నాటి నుంచీ నమ్మకం. కతెమి తన బండి దగ్గరివీ, ఇరుగుపొరుగువీ గోతాలు పోగుచేసి ఇచ్చింది. అన్నీ ఎర్రపుంజు బొమ్మవే, ఆ వీధిలో అందరూ కొనేది ఆ బియ్యమే కదా. వెనకవైపు ఏముందో ఎవరు చూడొచ్చారు? గోరీ పలక వెనకవైపు చూడాలంటే చూసేవాడు లోపల పడుకుని ఉండాలి.

లారీ కదిలే ముందు పసుపన్నం గోపురంలా పెట్టి, వీధంతా పిలిచి దువా ప్రార్థన చేయించి పంపారు.

హోటల్‌లో పలకలు గోడకు ఎక్కాయి. దీపాలు ఒకసారి వెలిగించి చూద్దామని కరెంటు పనివాడు అన్నాడట. వినార్తి ఒప్పుకోలేదు. ఆమె చదువు సింగపూర్‌లో, కార్లు జర్మనీవి, కానీ మంచిరోజు మాత్రం మదియున్‌లోని మేనత్త జావా వారాలు లెక్కగట్టి చెప్పాల్సిందే. ఆ మేనత్త, జావా అయిదు రోజుల వారంలో లెగి అనే రోజు కలిసొచ్చే శుక్రవారం నాడు, పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు అయ్యాక, యజమానురాలి చేత్తోనే మొదటి దీపం వెలగాలని చెప్పింది. అంతకు ముందు ఒక్క దీపం వెలిగినా హోటల్ అచ్చిరాదట. దాంతో గోడకు తెల్లగుడ్డ కప్పి పెట్టారు.

ఆ శుక్రవారం సనిమాన్ బాతిక్ చొక్కా ఇస్త్రీ చేయించుకుని, కతెమినీ జుమాదినీ పనివాళ్ళనీ వ్యానులో ఎక్కించుకుని వెళ్ళాడు. ఇక నుంచి తనను గోరీల సనిమాన్ అని పిలిచేవాడి సంగతి చూస్తానని దారిపొడుగునా చెబుతూనే ఉన్నాడు. జుమాది వింటూ వింటూ కునుకు తీశాడు.

హాలు నిండా పెద్దమనుషులు. గుడ్డ జారింది. వినార్తి మీట నొక్కింది.

గోడ వెలిగింది. నెయ్యిరంగే, అనుకున్నట్టే. ఆ నెయ్యిలో బోలెడు పుంజులు. ఒకటి నిటారుగా, ఒకటి తలకిందులుగా, ఒకటి సగానికి తెగి తోక మాత్రమే. ఒక మూల ఇరవై అయిదు కిలోలు అన్న అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. అది చాలదన్నట్టు సనిమాన్ పెట్టిన అతుకులన్నీ, ఆ మేక పందెం అతుకులన్నీ, నల్లటి వానపాముల్లా గోడంతా పాకుతున్నాయి. వెలుగు వెనక నుంచి వస్తే లప్పం ఏమవుతుందో అతను ఆ క్షణం దాకా చూసి ఎరగడు.

వినార్తి మెల్లగా తల తిప్పి ప్రదీప్త వైపు చూసింది. ఆ చూపు చూసి ప్రదీప్త ముఖం ఒక్కసారి తన చొక్కా రంగుకు తిరిగింది. కానీ ఆ కుర్రాడు సామాన్యుడు కాదు. గొంతు సవరించుకుని ముందుకొచ్చాడు. ఇది జావా పల్లెల తెల్లవారుజామట. పుంజు శ్రమకు గుర్తట, బియ్యం నేలతల్లికి గుర్తట. తలకిందులైన పుంజు నగరంలో దారి తప్పిన మనిషట. ఆ నల్లగీతలు మన నదులట. ఎవరో ఒకాయన చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత కొట్టనివాడు మొరటోడు అవుతాడు గనుక అందరూ కొట్టారు. ఫోన్లు పైకి లేచాయి.

వినార్తి మాత్రం అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. నేరుగా సనిమాన్ దగ్గరకు వచ్చి నిలబడింది.

"ఈ పుంజుల్ని మీరు కావాలనే పెట్టారా?"

ఒక్క మాట. కాదంటే బాలీ లేదు, షెడ్డు లేదు. పక్కనే పనివాళ్ళు అతని నోటివంకే చూస్తున్నారు. కతెమి వెనక నుంచి అతని చొక్కా పట్టుకుని లాగింది. నిజం చెప్పమనా, వద్దనా, ఇప్పటికీ వాళ్ళిద్దరికీ ఆ విషయంలో పేచీయే.

"అవునమ్మగారూ," అన్నాడు సనిమాన్. "చాలా ఆలోచించే పెట్టాను."

తిరుగుప్రయాణంలో వ్యానులో నవ్వని వాడు లేడు. జుమాది కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ అడిగాడు.

"అంత ఆలోచన ఎక్కడ చేశావు బావా, అక్క బియ్యం డబ్బా దగ్గరా?"

సనిమాన్ నవ్వలేదు. వారం తిరిగేసరికి అతని ఫోటో పత్రికలో పడింది. పడ్డాక ఇంకేం చెప్పాలి, తానే నమ్మడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న పెంచిన పుంజు కలలో వచ్చేదని కాఫీ కొట్లో చెప్పాడు. వాళ్ళ నాన్న బాతులు తప్ప ఏమీ పెంచలేదని ఊరంతటికీ తెలుసు. సిగరెట్టుకు మడ్డి పూసేటప్పుడు కూడా పుంజు బొమ్మే వేసేవాడు. అది బాతులా ఉందని అన్నవాడితో మాట్లాడ్డం మానేశాడు. కతెమికి మాత్రం ఒళ్ళు మంట. గోతాలు తెచ్చి ఇచ్చింది తనైతే పేపర్లో తన పేరెందుకు లేదని గట్టిగానే అడిగింది.

బాలీ పని మాట్లాడ్డానికి సురబాయ రమ్మని కబురొచ్చింది. సనిమాన్ వెళ్తూ వెళ్తూ, కొండ నుంచి పెద్ద రాయి దింపించి ఉంచమని జుమాదికి పురమాయించాడు. చారలు బాగున్నదే చూడమన్నాడు.

వినార్తి గదిలో బల్ల మీద పుంజు బొమ్మలు పరిచి ఉన్నాయి. బాలీ హోటల్‌లో ప్రతి గదికీ పుంజు కావాలట, ప్రతి పుంజు కిందా సనిమాన్ పేరట. అతని ఛాతీ ఉబ్బింది. అప్పుడు ప్రదీప్త పక్కనుంచి ఒక పల్చటి పలక తీసి బల్ల మీద పెట్టాడు. చూడ్డానికి అచ్చం ఓనిక్స్. చేత్తో ఎత్తితే అట్టముక్కంత తేలిక. రాయి బొమ్మ అచ్చువేసిన ప్లాస్టిక్ అది. విరగదు, బరువుండదు, నల్లగీతల బాధ ఉండదు అని ప్రదీప్త వివరించాడు. మొదటి గోడ గీతలు నదులని చెప్పి తానైతే నెగ్గుకొచ్చాడు గానీ ప్రతిసారీ అన్ని నదులు దొరకవు కదా అని నవ్వాడు కూడా.

సనిమాన్ ఆ ప్లాస్టిక్‌ని తిప్పి చూశాడు. గోటితో గీరాడు. పొడి రాలలేదు.

"మరి మా రాయి అమ్మగారూ? రాయి లేకపోతే నాకిందులో పనేముంది?"

వినార్తి మొదటిసారి నవ్వింది.

"రాయి ఎవరైనా ఇస్తారు సనిమాన్ గారూ. మీరే చెప్పారుగా, చాలా ఆలోచించి పెట్టానని. మాకు మీ ఆలోచన కావాలి."

అది బియ్యం గోతం అమ్మగారూ అనే మాట అతని నాలుక చివరి దాకా వచ్చింది. అది బయట పడితే పుంజూ పోతుంది, పేరూ పోతుంది, బాలీ అంతా పోతుంది. మింగేశాడు. తల ఊపాడు. ఊపుతుంటే మెడ నొప్పెట్టిందని తర్వాత కతెమితో చెప్పుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి షెడ్డు ముందు పండగలా ఉంది. కొండ మీది నుంచి దింపిన రాయి, మనిషెత్తుది, కడిగి పెట్టి ఉంది. లోపల తేనెరంగు చారలు తడిగా మెరుస్తున్నాయి. అలాంటి రాయి మళ్ళీ దొరకదని జుమాది అందరికీ చూపిస్తున్నాడు. కోతమిషను మీద నీళ్ళు విడిచి ఉంచాడు. పనివాళ్ళు భార్యాపిల్లలతో సహా వచ్చారు. కతెమి అందరికీ కాఫీ కలిపింది.

"చెప్పు బావా, ఎంత మందం కొయ్యమంటావు?" అన్నాడు జుమాది.

సనిమాన్ రాయి మీద చెయ్యి వేశాడు. ఒక చార వెంట వేలు కిందిదాకా నడిపాడు. అందరూ అతని పెద్దరికాన్ని గౌరవించి ఆగారు. కతెమికి మాత్రం భర్త ముఖం చూడగానే ఏదో జరిగిందని తెలిసిపోయింది.

"ఏమయ్యా, పని ఇచ్చారా లేదా?"

"ఇచ్చారు. అంతా నాకే ఇచ్చారు."

"మరింకేం?"

"రాయి అక్కర్లేదట," అన్నాడు సనిమాన్. "గోతాల మీది బొమ్మ ఒక్కటి చాలట."

కతెమి ఫక్కున నవ్వింది. నవ్వుతూ పనివాళ్ళ వంక చూసి ఆపేసింది. జుమాది వెళ్ళి మిషను మీద పడుతున్న నీళ్ళు కట్టేశాడు.